పేరు గీకిన గుండి

పాత సామాను అమ్మడానికి నేను కేసముద్రం అంగడిని ఎంచుకున్నది ఒకే కారణంతో. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. జనగామలో అమ్మితే మధ్యాహ్నానికి కొడకండ్లలో తెలుస్తుంది, పొద్దుగూకేసరికి మా వాకిట్లో తెలుస్తుంది. భూమి పోయిన సంగతి అందరికీ తెలిసిందే. భూపరిమితి చట్టం వచ్చింది, భూమి పోయింది, దానికి తల వంచనక్కర్లేదు. కానీ ఇంట్లో గిన్నెలు నేలమీద పెట్టి అమ్ముకుంటున్నామన్నది వేరే మాట. ఆ మాట ఊరివాళ్ళ నోట మా అమ్మ వినకూడదు. అందుకోసం నేను ఎంత దూరమైనా పోవడానికి సిద్ధపడ్డాను.

నేను ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఏడాది హనుమకొండలో కాలేజీ మూతపడి ఇంటికొచ్చినవాణ్ణి. కాలేజీ తెరిచేలోపు బాపు పోయాడు. నేను మళ్ళీ పోలేదు. ఒకరి దగ్గర నిలబడి ఉద్యోగం అడగడం నాకు చేతకాలేదు. కొన్నేళ్ళు అట్లాగే గడిచాయి. ఒక ఎండాకాలం వంటింటి దూలం పుచ్చి పైకప్పు ఒక పక్కకు ఒరిగింది. వానలకు ముందే దూలం మార్చకపోతే గోడ నిలవదని వడ్రంగి చెప్పాడు. ఇంట్లో అమ్మగలిగినది ఇత్తడి ఒక్కటే.

అందులో పెద్దది అన్నం వండే గుండి. ఊళ్ళో ఎవరింట్లో పెండ్లయినా దాన్ని అడిగి తీసుకుపోయేవాళ్ళు. మేము దాన్ని వట్టిగా ఇచ్చేవాళ్ళం కాదు, వాళ్ళు వట్టిగా తెచ్చేవాళ్ళు కాదు. అడుగున పసుపు కలిపిన పిడికెడు బియ్యం ఉండాల్సిందే. ఇంటిపాత్ర ఖాళీగా గడప దాటకూడదన్నది మా వైపు పద్ధతి. దాని భుజం మీద బాపు పేరు చుక్కల అక్షరాలతో కొట్టి ఉండేది. ఊరిపేరు, ఇంటిపేరు, బాపు పేరు, వరుసగా.

బయలుదేరే ముందురోజు వెనకింట్లో తలుపేసుకుని ఆకురాయితో ఆ పేరును అరగదీశాను. చుక్కలు లోతుగా దిగి ఉన్నాయి, ఒక పట్టాన పోలేదు. అమ్మ వసారాలో కూర్చుని ఆ చప్పుడంతా విన్నది. పొద్దున నేను గుండి భుజానికెత్తుకోబోతుంటే ఆగమని, లోపలికి పోయి పిడికెడు పసుపు బియ్యం తెచ్చి అందులో వేసింది.

“అమ్మా, ఇది పెండ్లికి పోతలేదు. అమ్మకానికి పోతున్నది,” అన్నాను.

“ఎటు పోతేంది? పోయేది మనింట్లకెల్లే గదా,” అన్నది.

జనగామ స్టేషన్లో, ప్లాట్‌ఫారం చివర ఆ బియ్యాన్ని పిచ్చుకలకు ఒంపేశాను. బియ్యంతో గుండి మోసుకుపోయేవాణ్ణి ఎవరైనా పెండ్లివంటవాడనుకుంటారు. ప్యాసింజరు బండిలో దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, నునుపుగా మెరుస్తున్న ఆ చోటును మోకాలితో కప్పి కూర్చున్నాను. ప్రతి స్టేషన్లో ఎక్కేవాళ్ళ ముఖాలు చూశాను. మా ఊరివాళ్ళెవరూ ఎక్కలేదు.

కేసముద్రంలో అంగడి అప్పటికే నిండింది. కూరగాయలు, పశువులు దాటిపోతే చివర పాత సామాన్ల వరుస. చెవులు లేని తాళాలు, సైకిలు చైన్లు, లాంతరు బుడ్లు. పాత బట్టలు కుప్పపోసి అమ్మే ఒక అవ్వ పక్కన ఖాళీ ఉంటే దుప్పటి పరిచి గుండి పెట్టాను. పెట్టి దాని వెనక నిలబడ్డాను.

అవ్వ కాసేపు నన్ను కింది నుంచి మీదికి చూసింది.

“కూసో కొడుకా. గట్ల నిలబడితే జప్తుకచ్చిన కోర్టు అమీను అనుకుంటరు.”

నేను కూర్చోలేదు. వచ్చినవాళ్ళు ధర అడిగారు, చెప్పాను. వాళ్ళు సగానికి అడిగారు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. మా ఇంట్లో ఒక మాట చెబితే అదే మాట, దాన్ని తగ్గించి మళ్ళీ చెప్పడం నేను చూడలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. అవ్వకు నా మీద జాలి కలిగినట్టుంది. బేరంలో బెట్టు చేసేవాడి మీదా, అడగ్గానే తగ్గించేవాడి మీదా అంగడికి అనుమానమేనని, కాస్త నడిమధ్య ఉండమని చెప్పింది. నేను విననట్టే ఉన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చాక మానుకోట నుంచి పాత ఇత్తడి కొనే వ్యాపారి వచ్చాడు. అందరూ అతనికి దారి ఇవ్వడం చూసి అసలు గిరాకీ ఇదే అనుకున్నాను. గుండిని వేలితో కొట్టి విన్నాడు. తల ఊపాడు. తర్వాత దాని చుట్టూ అరచెయ్యి తిప్పుతూ తిప్పుతూ నునుపు చేసినచోట ఆగిపోయాడు.

“పేరెందుకు గీకినవ్?”

నేను వంగి దుప్పటి అంచు సరిచేశాను.

“ఎవలింటిది?”

“మా ఇంటిదే.”

“మీ ఇంటిదైతే మీ పేరు మీరే ఎందుకు గీక్కుంటరు?”

చుట్టుపక్కల ఊళ్ళలో అప్పుడు ఇత్తడి దొంగతనాలు జరుగుతున్నాయట. పేరు గీకిన ఇత్తడి దొంగసొత్తు అన్నది ఆ వరుసలో పిల్లవాడికి కూడా తెలుసట. ఆ పూట నాకు తెలిసింది. పరువు కాపాడుకోవడానికి చేసిన పనే నా మెడకు చుట్టుకుంది.

వ్యాపారి అంగడి పన్ను వసూలు చేసే మనిషిని కేకేశాడు. అతను వచ్చి నా ఊరు అడిగాడు, పేరు అడిగాడు. నేను అతని తల మీదుగా లారీల వైపు చూస్తూ నిలబడ్డాను. జనం మూగారు. అతను నా రెక్క పట్టుకున్నాడు.

“చెయ్యి తియ్యి,” అన్నాను.

తియ్యలేదు. “ఠాణకు నడువు. గాడ అన్నీ చెప్తవు.”

ఠాణాకు పోతే విచారణకు మా ఊరికి పోలీసు జవాను వస్తాడు. మా వాకిట్లో నిలబడి, ఈ గుండి మీదేనా, మీ కొడుకు దొంగిలించాడా అని అమ్మనే అడుగుతాడు. ఊరంతా గోడలమీద నుంచి చూస్తుంది. అంతకంటే ఆ పేరేదో ఇక్కడే, ఎరగనివాళ్ళ మధ్యే చెప్పేస్తే ఇక్కడితో పోతుంది.

చెప్పాను. ఊరిపేరు, ఇంటిపేరు, బాపు పేరు. గుండి మీద ఉన్న వరుసలోనే, నలుగురికీ వినపడేలా చెప్పాను. చెప్పి ఆగాను. ఆ పేరు చెప్పాక మనుషులు ఒక అడుగు వెనక్కు వేయడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఇక్కడ కూడా ఎవరో ఒకరు తలగుడ్డ తీస్తారనుకున్నాను.

పన్ను మనిషి వ్యాపారి వైపు తిరిగాడు. “ఎవలాయన?”

“ఏమో. మా మానుకోట దిక్కు ఇనలే.”

వెనక నుంచి ఎవరో, “సర్పంచు గావచ్చు,” అన్నారు. “కాదు, సుతారి మేస్త్రి. మా మేనమామ ఇల్లు గాయినే కట్టిండు,” అని ఇంకొకరన్నారు.

నా రెక్క మీద పట్టు బిగిసింది. పేరుదేముంది, ఎవడైనా చెబుతాడు, సాక్ష్యం ఏదని పన్ను మనిషి అడిగాడు. నా దగ్గర వేరే సాక్ష్యం లేదు. ఉన్న ఒక్కటీ నేనే అరగదీసుకున్నాను.

ఠాణాకు సొత్తు కూడా రావాలని వ్యాపారి గుండిని ఎత్తి, బరువుకు నెత్తిన బోర్లించుకోబోయాడు. అంచు మడతలోంచి నాలుగు గింజలు జారి అతని భుజం మీద పడ్డాయి. పచ్చగా ఉన్నాయి. అతను గుండి దించి, మడతలోకి వేలు పోనిచ్చి చూశాడు. ఇంకొన్ని రాలాయి. స్టేషన్లో నేను ఒంపేస్తే పోనివి.

బట్టల అవ్వ వంగి ఒక గింజ తీసి చూసింది.

“పసుపు బియ్యం. ఇంట్ల ఆడిమనిషి పోసి సాగదోలింది. దొంగలకు ఎవలు పోస్తరయ్యా బియ్యం, మీ అవ్వ పోస్తదా?”

జనం నవ్వారు. పన్ను మనిషి నవ్వలేదు గానీ నా రెక్క వదిలి, ముందే చెప్పొచ్చు గదా అని గొణుక్కుంటూ పోయాడు. అతను పట్టుకున్నచోట చొక్కా మీద పడ్డ ముడతను నేను అందరూ చూస్తుండగా సాపు చేసుకున్నాను.

“అమ్మ పోసిందా?” అని వ్యాపారి అడిగాడు. అవునన్నాను. అతను అంతకుముందు అడగబోయిన ధరకంటే ఎక్కువే చెప్పాడనుకుంటాను, నేను చెప్పినదానికి మాత్రం తక్కువ. ఒప్పుకుంటున్నట్టు తల ఊపాను. ఒక బేరానికి నేను తల ఊపడం అదే మొదలు. అతను కింద పడ్డ గింజలు ఏరి మళ్ళీ గుండిలో వేశాడు. ఈసారి దాన్ని నెత్తిన బోర్లించుకోలేదు. మూతి మీదికి ఉండేట్టు భుజాన పెట్టుకుని పోయాడు. అట్లా పట్టుకొమ్మని నేను చెప్పలేదు.

అవ్వ నా దుప్పటి మడిచి చేతికిచ్చింది. “కూసుంటే గింత లొల్లి గాకపోవు కొడుకా,” అన్నది.

తిరుగు బండి తప్పిపోయి, మర్నాడు సాయంత్రం ఇల్లు చేరాను. వానలకు ముందే దూలం వేయించవచ్చని చెప్పాను. అమ్మ అది వినలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

“ఎవలన్న గుర్తువట్టిండ్రా?”

“లేదమ్మా. ఎవ్వలు గుర్తువట్టలే.”

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. గంతే చాలు, గంతే చాలు అని రెండుసార్లు అన్నది. బాపు పేరు అంగడి నడుమ చెప్పానని, అయినా ఎవరూ గుర్తుపట్టలేదని నేను చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. ఆ పూట అమ్మ చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది. నేను పీట మీద నిటారుగా కూర్చుని, ఆమె తినడం పూర్తయ్యేదాకా కంచం ముందు నుంచి లేవలేదు.