పేర్లు దాచే ఉద్యోగం

ఆ రోజుల్లో రహస్యం దాచడం ఒక విద్య. ఇప్పటిలా అందరి బతుకులూ అందరి ఫోన్లలో తిరిగే కాలం కాదు. ఆ విద్యలో కర్నూలు నుంచి కడప దాకా నన్ను మించినవాడు లేడు. సాక్షాత్తూ కలెక్టరు జీపు దిగి వచ్చి ఫలానా ఇంటి సంగతి చెప్పమని బతిమాలితే, "కుదరదు సార్" అని టీ తాగించి పంపాను. (జీపు వచ్చిన మాట నిజమే. అడిగింది మాత్రం డోన్‌కు దారి.)

నా ఉద్యోగం అలాంటిది. డోన్ చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని కుటుంబాలను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండి, ఎవరెంత బరువున్నారు, ఏం తింటున్నారు, ఇంట్లో ఎవరు ముందు తింటారు, ఎవరు చివర తింటారు అని రాసుకునే పరిశోధన. ప్రతి ఇంటికీ ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో తెలిపే పుస్తకం కర్నూలులో మా మేడం బీరువాలో ఉండేది. "ఎవరిదో తెలిసిపోయిందా, ఆ ఇంటివాళ్లు మళ్లీ మనకు నిజం చెప్పరు. నంబరు తప్ప ఇంకేమీ రాయకు" అని ఆమె నెలకోసారి హెచ్చరించేది. నాకేమో నంబర్లు బుర్రలో నిలవవు. అందుకని గొప్ప ఉపాయం కనిపెట్టాను. పేర్లూ వద్దు, నంబర్లూ వద్దు, నోటు పుస్తకంలో గుర్తులు రాసుకుంటే చాలు. మూగ రేడియో ఇల్లు, అహోబిలం మొక్కు గడ్డం ఇల్లు, ఒంటికొమ్ము బర్రె ఇల్లు. (ఇక్కడ గుర్తులన్నీ మార్చాను. ఈ వయసుకైనా బుద్ధి రావాలి కదా.) ఊళ్లో హుసేనమ్మలు పదిమంది, మరియమ్మలు పదిహేనుమంది ఉంటారు గానీ, ఒంటికొమ్ము బర్రె ఒకటే ఉంటుందని అప్పట్లో తట్టలేదు.

ఆ బర్రె ఇంటి కోడలు, అత్త చర్చికి పోయిన పూట, గొంతు తగ్గించి చెప్పింది. "రాసుకోన్నా. నేను అందరికంటే ముందే తింటా. సంగటి దించినప్పుడే ఒక ముద్ద, కూరలో రెండు ముక్కలు. నా కోడలు అందరికీ పెట్టినంకనే తింటాదని మా అత్త ఊరంతా చెప్పుకుంటాంది. ఈ మాట ఆయమ్మ చెవిన పడితే నన్ను పుట్టింటికి తోలేస్తాదన్నా."

"నా ప్రాణం పోయినా చెప్పనమ్మా" అన్నాను. ఆ మధ్యాహ్నమే పుస్తకాన్ని బస్టాండు టీ కొట్లో మరిచిపోయాను.

టీ కొట్టు భాయ్ మంచివాడు. ఎవరిదో చూద్దామని తెరిచాడట. నేను పరుగెత్తుకుంటూ వెనక్కి వస్తే, "ఫికర్ పడొద్దప్పా, ఒంటికొమ్ము బర్రె ఇల్లు అని రాసుండాది కదా, ఆ ఇంటికే పంపిచ్చినా" అన్నాడు, మెచ్చుకోలు కోసం నా మొహం చూస్తూ.

నేను చేరేసరికి అత్త వసారాలో కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం మీద వేలు నడిపిస్తోంది. బైబిలు చదవడం కోసం పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి, ఒక్క మాట వదలదు. తలుపు వెనక కోడలి ముఖం పాలిపోయింది. "ఏమప్పా, ఈ బర్రె మాదేనా?" అని అత్త అడిగింది. నేను తొణక్కుండా, "కాదవ్వా, అది ఎర్రగుంట్లలోని బర్రె. దానికి లేనిది ఎడమ కొమ్ము, మీదానికి కుడి కొమ్ము" అన్నాను. అత్త నమ్మింది, కోడలు బతికింది, నేను పుస్తకం చంకన పెట్టుకుని దొరలా బయటికి నడిచాను. (మర్నాడు మేడం అన్నీ నంబర్ల కింద తిరగరాయించి, ఆ పుస్తకాన్ని నా చేతే చింపించింది. అది వేరే సంగతి.)

ఇది అచ్చుకు పంపేముందు, ఎంతైనా పాత ఉద్యోగ ధర్మం కదా అని, ఆ కోడలి దగ్గరికి వెళ్లి చదివి వినిపించాను. ఇప్పుడామెకే ఇద్దరు కోడళ్లు. పేరు లేదు కాబట్టి వేసుకోమంది. తర్వాత నా వంక అదోలా చూసింది.

"ఎర్రగుంట్ల యాడిదన్నా? నువ్వు ఒక్క మాటా అనలే. గడపకాడ నోరు తెరుచుకోని, ఏడ్చేదానికి తయారుగా నిలబడితివి. మా అత్తే నీకు చెంబెడు నీళ్లిచ్చి, పుస్తకం చేతిలో పెట్టి, 'నా కోడలు ముందే తింటాదని నాకు తెలుసప్పా, నేనూ మా అత్తకాడ అట్లే తింటి. ఊర్లో మాత్రం చెప్పగాకు, నా మాట పోతాది' అనింది."