మావయ్య మోకాలు, నా కొత్త చెప్పులు

నా చిన్నప్పుడు పామర్రులో మా నాన్న చేపల వ్యాపారం చేసేవారు. పెట్టెల కోసం తెచ్చిన ఐసులో ఒక గడ్డను అమ్మ ఊకలో కప్పి మావయ్య కోసం దాచేది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, మా ఇంట్లోనే ఉండేవాడు. ఆయనకు హీమోఫీలియా, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు. దెబ్బ తగలకపోయినా మోకాలి లోపల రక్తం చేరిపోయేది. వాపు రాకముందే లోపల చిమచిమలాడుతున్నట్టు ఆయనకు తెలిసేది. ఆ క్షణమే ఐసు పెట్టి, కాలు కదలనివ్వకుండా బెజవాడ తీసుకురమ్మని ఎముకల డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

ఆ రోజు నాన్న నన్ను బెజవాడ వన్ టౌన్ బజారుకు తీసుకెళ్లి చెప్పులు కొనిస్తానన్నారు. వారం నుంచి బళ్లో అందరికీ డప్పు కొట్టుకున్నాను. అమ్మా నాన్నా కొట్టు దగ్గర ఉన్నారు. నేను అక్కడికే బయలుదేరుతుంటే మావయ్య మంచం మీద నుంచి పిలిచాడు.

"అమ్మడూ, మొదలైనట్టుందే. అమ్మతో చెప్పు."

చెబితే నాన్న ఆయన్ని తీసుకెళ్తారు, నా చెప్పులు గోవిందా. సరేనని తలూపి, కొట్టు దగ్గర నోరు మెదపకుండా బస్సెక్కాను. ఎంత పాపిష్టిదాన్నో!

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ మోకాలు కొబ్బరికాయంత అయింది. ముందే ఎందుకు కబురు పెట్టలేదని అమ్మ ఏడుస్తూ ఐసు కడుతోంది. కొత్త చెప్పులతో గుమ్మంలో నిలబడిపోయాను. మావయ్య నన్ను చూశాడు.

"నాకే తెలియలేదక్కా, నిద్రపట్టేసింది," అన్నాడు.

డాక్టరుగారి చీవాట్లు కూడా ఆయనే తిన్నాడు. రక్తం ఎక్కించి పిండికట్టు వేశారు. కట్టు విప్పాక ఆ కాలు పూర్తిగా చాపలేకపోయాడు.

ఆయన ఎదటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లేది కాదు. కొన్నాళ్లకు మళ్లీ చిమచిమ మొదలైంది. నాన్న పక్క గదిలోనే ఉన్నారు, కేకేస్తే వినబడేది. మావయ్య మాత్రం అరుగు మీద ఆడుకుంటున్న నన్ను పిలిచాడు.

"అమ్మడూ, మొదలైంది. అమ్మతో చెప్పు."

తప్పు చేసిన పిల్లకే మళ్లీ అదే పని అప్పజెప్పాడు. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. గుడ్డ చుట్టాలన్న ధ్యాస కూడా లేక ఐసుగడ్డను వట్టి చేతులతో మోసుకొచ్చాను.

అమ్మకు అసలు సంగతి ఆమె పోయేదాకా చెప్పలేదు. ఇప్పుడు మనవరాలు కాస్త నలతగా ఉందంటే చాలు, చేతిలో పని వదిలేసి లేస్తాను. అమ్మమ్మకు కంగారెక్కువని ఇంట్లో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ చెప్పులను సిగ్గు లేకుండా తెగేదాకా తొడిగి పారేశాను. మావయ్య ఆ తర్వాత కూడా, బతికినన్నాళ్లూ, కుంటుతూనే నడిచాడు.