మాస్కు తీసి మల్లేశం అడగబోయిన మాట

2022, వానాకాలం. సిరిసిల్లలో ఒక ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఊరు కోరుట్ల, నోరు కొంచెం ఎక్కువ. ఒక పొద్దున మల్లేశం అనే మరమగ్గాల కార్మికుణ్ణి ఆయాసంతో రొప్పుతుంటే తీసుకొచ్చారు. డాక్టరుగారు బైపాప్ పెట్టమన్నారు. గొంతులోకి గొట్టం వేయకుండా, ముఖానికి బిగించిన మాస్కులోంచి గాలిని ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి పంపే యంత్రం అది. మాస్కు నిలిస్తే మనిషి తేరుకుంటాడు. లేదంటే గొట్టం వేసి, వెంటిలేటర్ మీద కరీంనగర్ పంపాలి.

మల్లేశం దాన్ని నిలవనిస్తే కదా. నేను పట్టీ బిగించి అటు తిరగగానే ఇటు లాగేసేవాడు. ఏదో చెప్పబోయేవాడు, మాటకు ముందే దగ్గు ముంచుకొచ్చేది. మానిటర్ మీద ఆక్సిజన్ పడిపోయేది. బుజ్జగించాను, కసిరాను కూడా.

"కాకా, గిట్ల తీస్తే గొంతుల గొట్టమేస్తరు. జెర ఓర్సుకో."

తలూపాడు. మళ్ళీ తీశాడు. చేతులు కట్టేద్దామా అన్నారు డాక్టరుగారు. నాకు మనసొప్పక అతని భార్య రాజవ్వను లోపలికి పిలిచాను.

ఆమె మంచం కాళ్ల దగ్గర నిలబడి, నోరు మెదపకుండా అరచేయి కిందికి దించి చూపింది. మల్లేశం చేయి మాస్కు మీద నుంచి దిగింది. తర్వాత అతనే ఐదు వేళ్లు కూడేసి నోటి దగ్గరికి తెచ్చి, కనుబొమ్మలెగరేశాడు. ఆమె తల ఊపింది. అతని చేయి మళ్ళీ మాస్కు మీదికి పోయింది.

"ఏమంటుండు?" అని అడిగాను.

"తిన్నవా అంటుండు బిడ్డా. నాకు షుగరున్నది. పొద్దుగాల సంది ఏం తినలే. తిన్న అంటే నమ్ముతలేడు."

"గీ సైగలు యాడ నేర్చిన్రు?"

"సాంచల కాడ. గా మగ్గాల సప్పుడుల మాట ఎవలికి ఇనవడ్తది? పెండ్లైన కాడికెల్లి గిట్లనే మాట్లాడుకుంటం."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఊపిరాడక మాస్కు పీకుతున్నాడనుకుంటే, ఈయన పెళ్లాం తిండి గురించి పీకుతున్నాడు. క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించాను. ఐసీయూలో తినకూడదని రూలుంది, ఆ పూట అది నా కంటికి ఆనలేదు. రాజవ్వ ఆయన ఎదురుగానే తిన్నది. చివరి ముక్క దాకా చూసి, మల్లేశం కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత మాస్కు జోలికి పోలేదు. సాయంత్రానికి ఆయాసం తగ్గింది.

ఇప్పుడు ఎవరికి మాస్కు పెట్టాలన్నా ముందు ఒక మాట అడుగుతాను, ఎవరికైనా ఏమైనా చెప్పేదుందా అని. మాస్కు పీకేవాళ్లందరూ మొండివాళ్లు కారని నాకు నేర్పింది మల్లేశమే.

ఇంటికి పోయే రోజు వరండా నిండా జనం, గోల. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఐదు వేళ్లు కూడేసి నోటి దగ్గరికి తెచ్చి, నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. డ్యూటీ హడావుడిలో నేనేమీ తినలేదు. అయినా తిన్నానని తల ఊపాను.

నమ్మలేదు. రాజవ్వ చేతికి అరటిపండ్లిచ్చి వెనక్కి పంపాడు.