నాలుగువందల పన్నెండు ఫైళ్ళ లోటు

ఆ రోజుల్లో నాకు మనుషులు చెప్పే మాట మీద కన్నా కాగితం మీది అంకె మీద గురి ఎక్కువ. పదో తరగతితో చదువు ఆగిపోయినా, మార్కాపురం పలకల మిల్లులో మా నాయన పక్కన కూర్చుని డజన్ల లెక్కన కట్టలు కట్టి కట్టి లెక్కలు సొంతంగా పట్టుకున్నాను. ఎవరైనా ‘సుమారుగా’ అన్నారంటే ఏదో దాస్తున్నారనే అనుకునేవాణ్ణి. (మా ఆవిడ ఇప్పటికీ ఉప్పు ‘తగినంత’ అంటుంది. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడదు.) ఇట్లాంటి బుద్ధి ఉన్నవాణ్ణి ఇరవై రెండేళ్ళ వయసులో తీసుకుపోయి మా వైపు ఒక పాత ఆస్పత్రి రికార్డు గదిలో పెట్టారు.

ఆ ఆస్పత్రిలో చేరి వైద్యం చేయించుకున్న ప్రతి మనిషికీ ఒక ఫైలు ఉండేది. కేసు షీటు, ఆపరేషను కాగితాలు, ఎక్స్‌రే అన్నీ అందులోనే. వాటిని ఏళ్ళ తరబడి భద్రపరచాలి. ఆ పని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నది చీటీల తాత. ఎవరు ఏ కాగితం అడిగినా ముందు ఒక చీటీ రాసి చేతిలో పెడతాడు కాబట్టి ఆ పేరు. ఆయన ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడనగా పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి, రిజిస్టరులో ఎన్ని ఫైళ్ళు ఉన్నాయో, అరల్లో ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చి వచ్చే నెలాఖరుకు ఫారం నింపి ఇమ్మంది. తక్కువ పడితే ఎవరి వల్లో కూడా రాయమంది. ఆ చివరి మాట నాకు పాయసంలాగా దిగింది.

రిజిస్టరులో ఆరువేల మూడువందల నలభై. అరల్లో అయిదువేల తొమ్మిదివందల ఇరవై ఎనిమిది. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ నాలుగువందల పన్నెండు తక్కువ. పైగా, కనిపించని ప్రతి ఫైలు పేరు పక్కనా రిజిస్టరులో ఎర్ర పెన్సిలుతో చిన్న చుక్క. ఒక ఫైలు నూట ఎనభై గ్రాములు తూగింది. (ఆస్పత్రి మందుల తక్కెడలోనే తూచాను.) ఆ లెక్కన డెబ్బై నాలుగు కిలోల నూట అరవై గ్రాముల కాగితం బయటికి పోయింది. ఎక్కడికి? తాత ప్రతి శనివారం మధ్యాహ్నం చేతిలో గుడ్డ సంచితో బస్టాండుకు పోయేవాడు. నేను నలభై అడుగుల వెనక పోయేవాణ్ణి. ఆయన బస్సు వచ్చేదాకా కూర్చునేది ఎక్కడనుకున్నారు? వేరుశనక్కాయలు పొట్లాలు కట్టే మనిషి పక్కన! నాకు ఇంకేం కావాలి. ఆ వారమంతా పూటకు రెండు పొట్లాలు కొని, కాయలు తిని, కాగితం సాపు చేసి చదివాను. ఒక్క కేసు షీటూ దొరకలేదు. అన్నీ బడిపిల్లల పరీక్ష పేపర్లే. ఒకదాంట్లో మార్కులు తప్పుగా కూడి ఉంటే దిద్దాను కూడా. కడుపు మాత్రం నాలుగు రోజులు చెడిపోయింది.

ఆ సమయంలోనే కొనకనమిట్ల వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. కూలి పని చేసుకునే మనిషి. ఆమె భర్త బావి పూడిక తీస్తూ పడి నడుము విరగ్గొట్టుకుంటే ఆరేళ్ళ కిందట ఈ ఆస్పత్రిలోనే ఆపరేషను చేశారట. మంచం దిగలేని మనిషికి పింఛను కావాలంటే, వచ్చే గురువారం డాక్టర్ల క్యాంపులో ఆ పాత కాగితాలు చూపించాలి. గురువారం దాటితే మళ్ళీ క్యాంపు ఎప్పుడో ఎవరూ చెప్పలేదు. రిజిస్టరు తీశాను. పేరు ఉంది, పక్కన ఎర్రచుక్క ఉంది. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. ఇంతకాలం చుక్కలే గానీ, ఇప్పుడు నష్టపోయిన మనిషి కూడా దొరికింది! తాతకు తెలిస్తే సాక్ష్యం తారుమారు చేస్తాడని ఆమెను ‘రేపు రా అక్కా’ అని పంపించాను. రెండోసారీ అంతే చేశాను. మూడోసారి, అంటే మంగళవారం, ఆమె కిటికీ దగ్గర నిలబడి గట్టిగానే అడిగింది.

“మూడు దినాల కూలి పోగొట్టుకోని వస్తున్నా నాయనా. కాయితం ఉంటే ఉందని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. ఆయన మంచంలోనుంచి రోజూ అడగతా ఉండాడు.”

లోపలి నుంచి తాత వచ్చాడు. ఇక లాభం లేదని ఆయన మీద డాక్టరమ్మకు రాసిపెట్టుకున్న అర్జీ, రెండు పేజీలు, ఆయన ముందు పెట్టాను. ఆయన మొత్తం చదివాడు. కోప్పడలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని ఒక చీటీ రాసి జేబులో పెట్టుకుని, “రేపు ఈ అమ్మితోపాటు నువ్వు గూడా నాతో బస్సెక్కు. కాయితం చూసినాక నీ అర్జీ ఇచ్చుకో,” అన్నాడు.

బుధవారం బస్సులో, మధ్యలో దిగి పారిపోతాడేమోనని ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. పల్లెలో దిగి, తాత ముందు నడుస్తుంటే ఒక మిద్దె ఇంటి దగ్గరకు వచ్చేసరికి అక్క కాళ్ళు ఆగిపోయాయి. అది ఆమె తోడికోడలి ఇల్లు, ఆ కుటుంబంలో పెద్దకోడలిది. ఆమె ఇంటికీ దానికీ మధ్య పదిహేడు అడుగులు. ఒక మేకపిల్ల చిక్కుడుపాదు తిన్న విషయంలో మాట పట్టింపు వచ్చి, ఇద్దరికీ అయిదేళ్ళుగా మాటల్లేవు.

అప్పుడు చెప్పాడు తాత. రికార్డు గదిలో కింది అరలకు చెదలు పట్టాయట. రెండుసార్లు మందు కొట్టించినా మళ్ళీ వచ్చాయట. దాంతో ఊరికొక మిద్దె ఇల్లు, ఆ ఇంట్లో ఒక ఇనప్పెట్టె చూసుకుని, కింది అరల ఫైళ్ళు ఏ ఊరివి ఆ ఊరికే శనివారం శనివారం చేరవేసి, గుర్తుకు రిజిస్టరులో ఎర్రచుక్క పెట్టుకున్నాడు, ఇప్పటికీ శనివారాలు పోయి ఆ పెట్టెలు చూసి వస్తున్నాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. మాటల్లేని కారణంగా ఈ అక్కకొక్కదానికే తెలియదు. తన కిటికీ దగ్గరికి వచ్చి ఉంటే మొదటిరోజే చెప్పేవాణ్ణన్నాడు. రెండుసార్లు తిప్పి పంపింది నేను.

పెద్దకోడలు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. “చీటీ యాడ?” అంది. తాత చీటీ ఇచ్చాడు. ఆమెకు చదువు రాదు, చీటీ చివర తాత గీసిన గుర్తు చూసి తలూపింది. ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర పక్కకు తీసి పెట్టె తెరిచింది. చెదలు రాకుండా వేసిన పొగాకు కాడల ఘాటు గుప్పుమంది. ఫైళ్ళన్నీ రంగురంగుల దారాలతో కట్టి ఉన్నాయి, ఇంటికొక రంగు. నా చేతులు ఊరుకోవు కదా, ముప్పై ఆరు అని లెక్కపెట్టాను. “ముప్పై ఏడు,” అందామె. రెండు పలచటివి అతుక్కుని ఉన్నాయి. ఒకటి విప్పి చూడబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

“చదవబాక. ఒకరి రోగం ఇంకొకరికి ఎందుకు? నాకు చదువు రాదనే గదా తాత నాకిచ్చినాడు.”

పచ్చదారం ఫైలు తీసి తోడికోడలి చేతికివ్వకుండా, మధ్యలో అరుగు మీద పెట్టింది. చిన్నకోడలు తీసుకుని ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది. “ఇన్నేళ్ళూ దాచిపెట్టినావా,” అంది.

“నీతో మాట్లాడకుంటే మాత్రం, మరిది నడుము పటం పారేస్తానా?” అంది పెద్దకోడలు, పెట్టె మూస్తూ.

గురువారం క్యాంపుకు ఆ మనిషిని మంచంతో సహా ట్రాక్టరులో తెచ్చారు. ఫైలు పెద్దకోడలు ఒళ్ళో ఉంది. చిన్నామెను నమ్మి ఇవ్వలేదట, చూపించి మళ్ళీ పెట్టెలో పెట్టాలట. సర్టిఫికెట్టు రాసిచ్చారు.

నాకు మాత్రం నమ్మకం కుదిరిందని చెప్పలేను. ఒక్క పెట్టె చూసి మిగతావి ఎట్లా ఒప్పుకోవడం? మూడు ఆదివారాలు సైకిలు మీదా బస్సుల మీదా చంద్రశేఖరపురం దాకా, పామూరు దాకా తిరిగి పదకొండు పెట్టెలు తెరిపించాను. మొదటి పెట్టెతో కలిపి మొత్తం నాలుగువందల పన్నెండు. ఒక్కటీ తగ్గలేదు, ఒక్కదాన్నీ చెదలు ముట్టలేదు. నెలాఖరున ఫారంలో ‘లోటు’ అన్న గడిలో ‘లేదు’ అని రాశాను. ఎక్కడున్నాయని అడిగే గడి ఆ ఫారంలో లేదు. డాక్టరమ్మ దాన్నీ నా ముఖాన్నీ కాసేపు చూసి సంతకం పెట్టింది. తాత సగౌరవంగా రిటైరయ్యాడు.

ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత అనుమానం ఉండబట్టే అన్ని ఊళ్ళు తిరిగాడు, పదకొండు ఇళ్ళలో తిట్లు తిని పదకొండు గ్లాసుల మజ్జిగ తాగాడు. ఇప్పుడు నేను ఎవరేం చెప్పినా ‘సరేలే’ అని ఊరుకుంటున్నాను. జ్ఞానం వచ్చిందని మా ఆవిడ అంటుంది. మోకాళ్ళు అరిగాయని నా లెక్క.