ఒక్క వారంలో అరవై లింకులు

మా అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. చక్రం ఒక్కసారి తిప్పి, చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తుంది. నిరుడు దుకాణాన్ని పెద్దరోడ్డు మీదనుంచి సందులోకి, అదీ రెండో అంతస్తుకి మార్చాల్సి వచ్చింది. బోర్డు ఎవరికీ కనబడదు. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళకైనా కనబడకపోతే ఇక దుకాణం మూసుకోవడమే.

వెబ్‌సైటు సంగతి మా బావ చూసేవాడు. బావకి అన్నిటికీ తొందరే, టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. ఎన్ని సైట్లు మనకి లింకు ఇస్తే వెతికినప్పుడు అంత పైన కనబడతామని ఎక్కడో చదివాడు. అంతే, ఎవరినో పట్టుకుని నాలుగు రోజుల్లో ఐదువందల లింకులు పెట్టించాడు. గుర్రప్పందాల సైటులో, బట్టతల మందుల సైటులో కూడా మా అక్క దుకాణమే. అవన్నీ దొంగ లింకులని సెర్చ్ ఇంజిన్ పసిగట్టిందేమో, నెల తిరక్కుండా, వెతికితే రెండో పేజీలో వచ్చే మా సైటు కాస్తా అడ్రసు లేకుండా పోయింది.

ఆ చెత్తంతా ఏరి పారేసేసరికి బావ తల ప్రాణం తోకకొచ్చింది. అంత వేగంగా పెట్టించడమే తప్పయిందనుకుని, వారానికి ఒక్క లింకు మించకూడదని తనకు తానే రూలు పెట్టుకున్నాడు.

అక్క తన పని తాను చేసుకుపోయింది. దారం ఎందుకు తెగుతోందో కాగితం మీద బొమ్మ గీసి ఇవ్వడం ఆమె అలవాటు. ఆ బొమ్మల్ని నేను ఫొటో తీసి సైటులో పెట్టాను. వాటిలో కింది దారం చుట్టే బాబిన్ బొమ్మ ఒకటి కుట్టుపని నేర్పేవాళ్ళకి తెగ నచ్చేసింది. ఒక్క వారంలో అరవై మంది తమ పేజీల్లో దానికి లింకు పెట్టారు.

బావ హడలిపోయాడు. ఇంత వేగంగా వస్తే మళ్ళీ మునుగుతామని, మాకు చెప్పకుండా పన్నెండు మందికి లింకు తీసెయ్యమని మెయిల్ రాశాడు. సంగతి తెలిసి నాకు నవ్వాగలేదు. అక్కకి ఒళ్ళు మండింది.

"వాళ్ళంతట వాళ్ళు ఇస్తుంటే వద్దని బతిమాలే మనిషిని మిమ్మల్నే చూశాను," అంది.

మర్నాడు ఒక కుట్టు టీచరు జవాబిచ్చింది. అక్క పైకి చదివింది. "తియ్యనండీ. ఎవరో పెట్టమంటే పెట్టింది కాదు. మా క్లాసులో పధ్నాలుగు మంది ఆ బొమ్మ చూసే మిషన్ విప్పి బిగించుకున్నారు. మా వల్ల కానివి ఇంకో ఆరున్నాయి, ఎప్పుడు తెమ్మంటారు?"

బావ భయంభయంగా వెతికి చూశాడు. మొదటి పేజీలో, పైనుంచి రెండోది మాదే. అక్క కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది.

"మిగతా పదకొండు మందికీ ఉంచమని రాయండి," అంది అక్క.

బావ అప్పటికే ఏడో మెయిల్లో ఉన్నాడు.