అమ్మకు బీపీ లేదన్నాను

మా ముత్తాత మందస జమీందారీలో శిస్తు వసూళ్ళు చూసేవారు. తాతగారు ఉద్దానంలో మూడూళ్ళ తగవులు తీర్చేవారు. వీధరుగు మీది టేకు కుర్చీలో ఆయన కూర్చుంటే, వచ్చినవాళ్ళు కింద నిలబడే మాట్లాడేవారట. తోటలూ పొలాలూ పోయాక మాకు ఆ కుర్చీ మిగిలింది. నిటారుగా కూర్చోవడం నాకు అందులోనే అలవాటైంది.

అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళుంటే టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ చిన్న వయసుది. ఆపరేషన్ ముందు అమ్మ మంచం దగ్గరికి వచ్చి, కాగితం మీద మా ఊరి పేరు చూసి నవ్వింది.

“మీది కుర్చీ ఇల్లు కదండీ బాబుగారూ? మా తాత మీ తోటలోనే జీడిపిక్కలు ఏరేవోడు.”

ఆ నవ్వులో వెటకారం లేదు. అయినా నా వెన్ను బిగుసుకుంది.

“అమ్మగారికి బీపీ ఉందా? మాత్రలేవైనా వాడతన్నారా?”

ఊరూరా కిడ్నీ రోగులున్న ఉద్దానంలో బీపీ అంటే వినేవాళ్ళు అక్కడితో ఆగరు. కిడ్నీలు పోయాయేమో అంటారు. అందుకే నాలుగేళ్ళుగా అమ్మ మాత్రలు ఊళ్ళో కొనకుండా పలాస నుంచి తెచ్చి, మెంతుల డబ్బాలో దాస్తున్నాను. ఇప్పుడు పక్క మంచం దగ్గర మా ఊరివాళ్ళే ఇద్దరున్నారు. పైగా అడుగుతున్నది పిక్కలు ఏరినవాడి మనవరాలు.

“మా ఇంట్లో అలాంటివి లేవు,” అన్నాను.

అమ్మ నావైపు చూసింది. నలుగురిలో కొడుకు మాట కాదనడం ఆమెకు అలవాటు లేదు. “మిషన్లో బీపీ కొంచెం ఎక్కువ సూపిత్తంది, బయ్యమేటమ్మా?” అని డాక్టరమ్మ అడిగితే తలూపింది.

ఆపరేషన్ మొదలైన కాసేపటికి నర్సు బయటికొచ్చింది.

“బాబూ, నిజం సెప్పండి. పెద్దమ్మకి బీపీ ఉందా? గొంతులో గొట్టం ఎయ్యగానే పైకి లెగిసిపోనాది. మత్తు గ్యాసు పెంచితే మరీ కిందకి పడిపోతంది. డాక్టరమ్మ ఆ గ్యాసు మీట మీంచి సెయ్యి తియ్యట్లేదు.”

పక్క మంచం దగ్గరున్న మా ఊరివాళ్ళలో ఒకాయన అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు, తలెత్తాడు. ఆయన ముఖం చూసి నేను చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“ఏటండీ, లోపలున్నది మీ అమ్మే కదా,” అంది నర్సు.

అప్పుడు ఆ జేబులోంచి, ఇంటి నుంచి దాచి తెచ్చిన అమ్మ బీపీ మాత్రల అట్ట తీసి ఇచ్చాను.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ తన గదిలోకి పిలిచింది. కోప్పడినా బాగుండేది. గదిలో ఉన్న ఒక్క కుర్చీ నావైపు జరిపి, “కూకోండి బాబుగారూ, వణికిపోతన్నారు,” అంది.

“ఆ గ్యాసు మత్తుతో పాటు రక్తనాళాల్ని వదులు సేత్తాదండి. పెంచే కొద్దీ బీపీ దిగుద్ది. అయితే ఎక్కువ బీపీకి అలవాటైన ఒంటికి అందరికీ దించినంత దించకూడదు. కిడ్నీలకి రక్తం సాలదు. అట్ట సూశాక ఎక్కడ ఆపాలో తెలిసింది.”

ఆమె నిలబడి చెప్పింది, నేను కూర్చుని విన్నాను. ఏ కిడ్నీ జబ్బు పేరు మా ఇంటికి రాకూడదని ఇన్నేళ్ళు బీపీని దాచానో, ఆ జబ్బునే ఆ పూట నేను అమ్మకు తెచ్చిపెట్టబోయాను.

మూడో రోజు రక్తపరీక్షలో అమ్మ కిడ్నీలు బాగానే ఉన్నాయని వచ్చింది. ఇంటికి చేరాక ఆమె ఒక్క మాటే అంది.

“మాత్రలు ఇంక డబ్బాలో వద్దురా. కిటికీలో పెట్టు.”

ఆ నెలలోనే టేకు కుర్చీని పలాసలో పాతసామాన్ల కొట్టుకు అమ్మేశాను.