అక్కని ఆసుపత్రికి తీసుకెళ్లింది నేను కాదు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. కేంద్ర ప్రభుత్వంలో ముప్పై రెండేళ్లు ఫైళ్లు చూసిన మనిషిని. ఎవరు, ఎప్పుడు, కాగితం ఏదీ అని అడగడమే నా ఉద్యోగం. నాకు ఆ నమ్మకాలు ఇప్పటికీ లేవు. కింద రాసింది దయ్యం కథ కూడా కాదు. మరేమిటయ్యా అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

డెబ్భైల చివరి మాట. నేనప్పుడు ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుని. ఆర్.కె. పురంలో రెండు గదుల క్వార్టరు, మేడ మీద వాటా. మా ఆవిడ స్కూలు టీచరు. తెనాలి నుంచి మా అక్కని బావ వైద్యానికి తీసుకొచ్చాడు. రొమ్ము క్యాన్సరు. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. నాకు ఐదో ఏట అమ్మ పోతే, తను బడి మానేసి నన్ను సాకింది. పలక మీద నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము, చంకలోని గడ్డలు తీసేశారు. బావకి సెలవు అయిపోయి తిరిగి వెళ్లిపోయాడు. వారం వారం కట్టు మార్పించడం, పుండు మానాక కరెంటు పెట్టించడం నా వంతు. రేడియేషన్‌ని మా వాళ్లందరూ కరెంటు అనే అనేవారు.

అక్కకి ఆ జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనూ చెప్పేవారు కాదు. "గడ్డ లేచింది, తీసేశారు" అన్నాం. ఊరికి రాసే ఉత్తరాల్లో కూడా ఆ మాట రాయలేదు. బావ వెళ్లే ముందు రైలు దగ్గర నా చేతులు పట్టుకుని, "దానికి మాత్రం తెలియనివ్వకు" అన్నాడు. సరేనన్నాను.

అక్కకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. డాక్టరుకి తెలుగు రాదు. మధ్యలో నేను. ఆయన చెప్పింది నేను జల్లించి అక్కకి చెప్పేవాణ్ణి. అక్క చెప్పింది జల్లించి ఆయనకి చెప్పేవాణ్ణి. జల్లెడలో ఏది ఆపాలో ఏది వదలాలో నా ఇష్టం.

ఆపరేషన్ అయిన రెండో వారంలో డాక్టరు అన్నాడు, చెయ్యి ఆడించకపోతే భుజం బిగుసుకుపోతుంది, రోజూ గోడ మీద వేళ్లతో మెట్టు మెట్టుగా పైకి పాకించమని. రొమ్ముకి ఆపరేషన్ అయితే చేతికి ఎందుకురా ఇదంతా అని అక్క అడుగుతుంది. చంకలో ఏం తీశారో చెప్పాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకుని, "చెయ్యి కదపకుండా విశ్రాంతిగా ఉంచమన్నారక్కా" అని చెప్పాను. నా మొహం మండ, అంత తేలిగ్గా చెప్పేశాను.

తర్వాత చెయ్యి వాచింది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉబ్బింది. కుట్ల పక్కన ఎర్రబడింది. ఆ శుక్రవారం ఆసుపత్రిలో డాక్టరు ఆవిడనే చూస్తూ, "దర్ద్ హై, మాతాజీ?" అని అడిగాడు. అక్క నా వైపు తిరిగి చాలాసేపు చెప్పింది. చంకలో పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట అనీ, లోపల ఎవరో దారం వేసి లాగుతున్నట్టు ఉందనీ, చేతిలో గ్లాసు నిలవడం లేదనీ. నేను ఇంగ్లీషులో, "కొంచెం నొప్పిగా ఉందంటోంది సర్" అన్నాను.

ఆయన నవ్వాడు. అంతసేపు మాట్లాడిందే, ఇంతేనా అన్నాడు. "మా భాష పొడుగు సర్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఏం అన్నామో తెలియక అక్క కూడా నవ్వింది.

ఎందుకలా చేశానంటే కారణాలు చాలా చెప్పగలను. ఎక్కువ చెబితే ఆయన పరీక్షలంటాడు, ఆ పేరు పైకి అంటాడు, అక్క పసిగడుతుంది. అది నిజమే. కానీ అసలు నిజం వేరు. నేను విసిగిపోయాను. సెలవులన్నీ అయిపోయాయి. రెండు గదుల ఇంట్లో ఎప్పుడూ డెటాల్ వాసన, మూలుగు. త్వరగా కరెంటు పెట్టేస్తే త్వరగా ఊరికి పంపెయ్యచ్చు అనుకున్నాను. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడతో కూడా అనలేదు.

మంగళవారం తెల్లవారేసరికి అక్క ఒళ్లు కాలిపోతోంది. "ఏరా, ఇవాళ ఒక్కసారి చూపించరా. చెయ్యి నాది కానట్టుంది" అంది. పార్లమెంటు శీతాకాల సమావేశాలు జరుగుతున్నాయి. మా సెక్షన్ మీద పడ్డ ప్రశ్నకి ఆ రోజు సాయంత్రం లోగా జవాబు పంపాలి. ఆ ఫైలు నాది. "శుక్రవారం ఎలాగూ వెళ్తాం కదక్కా, మాత్ర వేసుకో" అన్నాను. ఆవిడ మాత్ర నోట్లో వేసుకుంది. మంచినీళ్లు కుడిచేత్తో పుచ్చుకుంది. ఆ రోజు మా ఆవిడకి స్కూల్లో పరీక్షలు. ఇద్దరం ఎనిమిదిన్నరకే వెళ్లిపోయాం.

ఆఫీసులో సాయంత్రం ఐదింటిదాకా కుర్చీలోంచి లేవలేదు. మా సెక్షన్ ఆఫీసరు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. టీ కూడా టేబుల్ దగ్గరికే వచ్చింది. హాజరు పట్టీలో నా సంతకం ఉంది, జవాబు చిత్తు ప్రతి మీద నా పొడి సంతకం ఉంది. మర్నాడు ఇవన్నీ మళ్లీ తీసి చూసుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంటికి వచ్చేసరికి తలుపుకి తాళం. కింద వాటాలో పంజాబీ ఆంటీ ఉండేది. చలికాలం పగలంతా మెట్ల ముందు నులక మంచం వేసుకుని ఎండలో స్వెట్టర్లు అల్లేది. నన్ను చూసి కంగారుగా లేచింది.

"దీదీ ఎలా ఉంది, భాయీసాబ్? అక్కడే ఉంచేశారా?" అంది.

నాకు అర్థం కాలేదు. పదకొండింటికి నేనే వచ్చానట. అక్కకి శాలువా కప్పి, నడుం చుట్టూ చెయ్యి వేసి, ఒక్కో మెట్టూ దింపానట. పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నానని చెప్పి, తాళంచెవి ఆంటీ చేతిలోనే పెట్టి ఆటో ఎక్కించానట. "మీ కళ్లు ఎర్రగా ఉన్నాయి, అందుకే ఎక్కువ అడగలేదు" అంది. ఆ తాళంచెవి మేము అక్క దగ్గర వదిలి వెళ్లినదే.

బస్సు కోసం ఆగలేదు, ఆటో పట్టుకుని వెళ్లాను. అక్క వార్డులో మంచం మీద ఉంది. కుట్ల కింద చీము పట్టిందట, మధ్యాహ్నమే మత్తిచ్చి తెరిచి తీసేశారు. జ్వరం దిగుతోంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. ఇంకో రోజు ఆగి ఉంటే విషం రక్తంలోకి పాకేదన్నాడు. తర్వాత కాస్త కోపంగా, "ఇవాళ చెప్పినంత వివరంగా మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

కేసు కాగితం చూపించాడు. ఇంగ్లీషులో వరసగా రాసి ఉంది. పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట. దారం వేసి లాగినట్టు నొప్పి. పన్నెండు రోజులుగా చేత్తో గ్లాసు పట్టుకోలేకపోతోంది. చెయ్యి కదపవద్దని తమ్ముడే పొరపాటున చెప్పాడు. పైన, "తమ్ముడు చెప్పిన వివరాలు" అని ఉంది. ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు సంతకం కూడా ఉంది. అది నా పేరే, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. ఢిల్లీ వచ్చాక నేను తెలుగులో సంతకం పెట్టింది లేదు.

"నేను కాదు సర్" అనబోయాను. ఏమని చెప్పను?

లోపలికి వెళ్తే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్లకి చెప్పావురా. నాకు అనుమానం ఉంటూనే ఉంది. మీరంతా దాస్తుంటే, నేను తెలియనట్టు ఉండలేక చచ్చాను" అంది. ఆటోలో నేనే అంతా చెప్పానట. జబ్బు పేరు, చంకలో ఏం తీశారో, డాక్టరుకి నేను ఏమేం చెప్పకుండా మింగేశానో అన్నీ. ఏడ్చానట. "ఊరుకోరా, పిచ్చివాడా, చిన్నపిల్లాడిలాగా" అని మళ్లీ నన్నే ఓదార్చింది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నేను చేసిన ఇంకో తప్పు.

నాకు తోచిన విచారణ నేను చేశాను. కాలనీలో ఉన్న తెలుగువాళ్లందరినీ అడిగాను, ఎవరూ ఆ రోజు మా ఇంటికి రాలేదు. నాకే మతి తప్పి వెళ్లొచ్చి మర్చిపోయానా అని సెక్షన్ ఆఫీసరుని మాటల్లో పెట్టి కనుక్కున్నాను. "మీరు బాత్రూముకైనా లేవలేదు, నాకే ఆశ్చర్యం వేసింది" అన్నాడు. అక్కకి జ్వరంలో భ్రమ అనుకుందామంటే ఆంటీకి జ్వరం లేదు, డాక్టరుకి లేదు.

కరెంటు రెండు నెలలు ఆలస్యంగా పెట్టారు. అక్క బతికింది. గోడ మీద వేళ్లు పాకించడం అప్పుడు మొదలుపెట్టింది కానీ, ఆ చెయ్యి భుజం దాటి మళ్లీ పైకి లేవలేదు. జడ తను వేసుకోలేకపోయేది. మా ఆవిడ వేస్తుంటే నేను పక్క గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి. ఊళ్లో మాత్రం నాకు పెద్ద పేరు వచ్చింది. తమ్ముడంటే అలా ఉండాలని బావ కనబడినవాళ్లందరికీ చెప్పాడు. నేను కాదనలేదు. చచ్చే సిగ్గుతో ఊరుకున్నాను.

ఏడేళ్ల తర్వాత జబ్బు ఎముకల్లో తిరగబెట్టింది. కబురు అందగానే తెనాలి వెళ్లాను. ఈసారి చెప్పేయాలనుకున్నాను. ఆ రోజు వచ్చింది నేను కాదక్కా, నేను ఆఫీసులో కూర్చుని జవాబు రాసుకుంటున్నాను, అని. రైల్లో ఆ వాక్యాలన్నీ కూర్చుకున్నాను.

మధ్యాహ్నం పూట, ఇంట్లో అందరూ అన్నాలు తింటున్నారు. అక్క నన్ను దగ్గరికి రమ్మంది. బాగా చిక్కిపోయింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది.

"ఏరా, ఆ రోజు ఆటో దిగేటప్పుడు నా చెవిలో ఒక మాట అన్నావు గుర్తుందా? అది తలుచుకునే ఇన్నేళ్లూ ఈ నొప్పి ఓర్చుకున్నాను. ఇంకొక్కసారి అనరా."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆవిడ అంత ఆశగా చూస్తుంటే నా వల్ల కాలేదు. ఏదో ఒకటి అందామని, "నీకేం కాదక్కా, నేనున్నాను కదా" అన్నాను.

అక్క కాసేపు నా మొహంలోకి చూసింది. ఇంకా ఏమైనా అంటానేమోనని ఆగింది.

"అది కాదులేరా" అంది. నా చెయ్యి ఒకసారి నిమిరి, కళ్లు మూసుకుంది. నాలుగో రోజు పోయింది.

ఆ రోజు వచ్చినవాడు ఎవరో నాకు తెలియదు. దాని గురించి ఆలోచించడం ఎప్పుడో మానేశాను. అతను అన్న ఆ ఒక్క మాట ఏమై ఉంటుందా అని మాత్రం ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను. నాకు తోచిన మాటలన్నీ అని చూసుకున్నాను. ఏదీ అది అనిపించదు.